గుత్తివంకాయలోకి ఏ వైను?

పెళ్లై పన్నెండేళ్లు దాటిన ఇంట్లో రాత్రి ఎనిమిదింటికి లైట్లు ఆపేసి కొవ్వొత్తులు వెలిగిస్తే ఎదురు ఫ్లాట్ ఆయన తలుపు కొట్టి "మీకు ఒక్కళ్లకే పోయిందా, ఫేజ్ పోయిందా" అని అడుగుతాడు. మొన్న మా పెళ్లిరోజుకి జరిగింది ఇదే. ఆయన్ని పంపించి తలుపేసుకునేసరికి సగం రొమాన్స్ మీటర్ బోర్డు దగ్గరే అయిపోయింది. మిగతా సగాన్ని కాపాడే బాధ్యత వైన్ మీద పడింది కాబట్టి, జాతికి ఇంత ముఖ్యమైన విషయాన్ని ఇప్పటిదాకా ఏ మేధావీ ఎందుకు పట్టించుకోలేదన్న ఆవేదనతో ఇది రాస్తున్నా.

ఏ వంటకంలోకి ఏ వైన్ అని జత కుదర్చడాన్ని పెయిరింగ్ అంటారు, అసలు ఆ మాటకి తెలుగు లేదని కొందరు బాధపడతారు. ఎందుకు లేదండీ, రెండక్షరాల మాట ఉంది, "లోకి". ఇడ్లీలోకి ఏంటి, చపాతీలోకి ఏంటి, ఈ పూట అన్నంలోకి ఏంటి. ఫ్రాన్స్‌లో సొమలియే అని దీనికి ఒక ఉద్యోగం ఉంది, దానికి పరీక్షలు కూడా ఉన్నాయి, మనకి ఇంటికొకరు ఉన్నారు, జీతం లేదు. ముద్దపప్పులోకి ఆవకాయ బదులు నిమ్మకాయ పచ్చడి వేస్తే పళ్లెం ముందు నుంచి లేచిపోయే మనుషులున్న జాతికి పెయిరింగ్ గురించి ఎవరూ నేర్పక్కర్లేదు. ఇబ్బంది ఎక్కడొచ్చిందంటే ఆ "లోకి" ఎటు తిరిగి ఉందన్న దగ్గర. వాళ్లకి భోజనంలోకి వైన్. మనకి మందులోకి స్టఫ్. మన దగ్గర ముందు సీసా అయిపోవాలి, పల్లీలు అయిపోవాలి, ఆ తర్వాత ఎప్పుడో ఎవరో గుర్తుచేస్తే అన్నం. అన్నం కలుపుకుంటూ మధ్యమధ్యలో గుక్క తాగేవాడిని మన వైపు సంస్కారవంతుడు అనరు, ఎక్కిళ్లొచ్చాయా నాయనా అంటారు.

సరే, పిల్లల్ని వాళ్ల అమ్మమ్మ ఇంటికి పంపించాం. వంట నేనే చేస్తానన్నా. మా ఆవిడ "చెయ్యండి, మెనూ మాత్రం నాది" అంది. గుత్తివంకాయ, గోంగూర మటన్, ముద్దపప్పు, ఆవకాయ, చారు, పెరుగు. ఇది మెనూ కాదు, వైన్ అనే పదార్థం మీద యుద్ధ ప్రకటన. కానీ పెళ్లిరోజు కదా, నోరు మూసుకుని సంచీ పట్టుకుని బయల్దేరా.

హైదరాబాద్‌లో వైన్ కొనడం ఎంత కష్టమో తెలియాలంటే వైన్స్‌కి వెళ్లాలి. బోర్డు మీద దేవుడి పేరు, పక్కన వైన్స్ అని రాసుంటుంది, లోపల బీరు, విస్కీ, బ్రాందీ, రమ్ము, వోడ్కా అన్నీ ఉంటాయి. "అన్నా, వైన్ ఉందా" అన్నా. కౌంటర్ కుర్రాడు నన్ను కింది నుంచి పైదాకా చూసి "ఇది వైన్సే గదన్నా, ఏం గావాలె" అన్నాడు. వైనే కావాలన్నా. వెనకున్నాయన "జల్ది చెప్పన్నా, లైన్ ఉంది" అన్నాడు. చివరికి కుర్రాడు స్టూలెక్కి పై అరలోంచి ఒక సీసా తీసి, దుమ్ము చొక్కాకి తుడిచి "ఎవరికన్నా ఒంట్లో బాలేదా" అని మెల్లగా అడిగాడు. నేను ఇంకేం మాట్లాడకుండా ఒక రెడ్డు, ఒక వైటు తీసుకున్నా, రెండూ నాసిక్‌వే. ఫారిన్‌వి ఎందుకు కొనలేదని అడక్కండి, దిగుమతి వైన్ మీద ఏళ్ల తరబడి 150 శాతం కస్టమ్స్ సుంకం నడిచింది ఈ దేశంలో. పుస్తెలమ్మైనా పులస తినాలని గోదావరి జిల్లాల వాళ్లు అన్నారు గానీ, పుస్తెలు పులసకే పోతే దాన్లోకి వైన్ కోసం ఏం అమ్మాలో వాళ్లూ చెప్పలేదు.

(మన హైదరాబాద్ చుట్టూ ఒకప్పుడు అనాబ్-ఎ-షాహి ద్రాక్ష తోటలుండేవి, దాంతో వైన్ చెయ్యొచ్చు కదా అని మా బావమరిది ప్రతి ఫంక్షన్‌లో అంటాడు. అది తినే ద్రాక్ష బావా, వైన్ ద్రాక్ష చిన్నగా, తోలు మందంగా ఉంటుంది అని చెప్పినా వినడు.)

ఇక శాస్త్రం. మాంసానికి రెడ్డు, చేపకి వైటు, ఇది అందరికీ తెలిసిన సూత్రం. రెడ్ వైన్‌లో టానిన్ ఉంటుంది, ద్రాక్ష తోలు, గింజల్లోంచి వస్తుంది, నాలుక ఎండిపోయినట్టు చేస్తుంది. ఇదేదో పెద్ద మాట అనుకుని భయపడకండి, టానిన్ అంటే వగరు, నేరేడు పండు తిన్నాక నోట్లో ఉండేదే. నిజానికి వైన్‌లో తీపి, పులుపు, వగరు, కొంచెం చేదు ఉన్నాయి, అంటే ఉగాది పచ్చడిలో ఆరింటికి నాలుగు సీసాలోనే వచ్చేశాయి. ఉప్పు, కారం మనం పళ్లెంలోంచి ఇవ్వాలి. ఉప్పుతో వైన్‌కి మంచి స్నేహం, ఉప్పగా ఉన్నదాని పక్కన ఎంత గరుకు వైనైనా మెత్తబడుతుంది. కారంతో మాత్రం పాత పగ. ఆల్కహాల్ కారం మంటని ఆర్పదు, ఎగదోస్తుంది, వగరు దానికి తోడవుతుంది. 14 శాతం ఆల్కహాల్ ఉన్న రెడ్ వైన్‌ని గుంటూరు మిరపకాయ మీద పోయడమంటే అగ్గి మీద ఆజ్యమే.

ఇవన్నీ చదివి కూడా నేను గోంగూర మటన్‌లోకి రెడ్డే పెట్టా, ఎందుకంటే మటన్ మాంసం కదా. ముందు కార్క్ రాలేదు. కార్క్ తీసే స్క్రూ మా ఇంట్లో లేదు, ఎవరింట్లోనైనా ఉంటే చెప్పండి. పప్పుగుత్తి తిరగేసి కాడతో లోపలికి నెట్టా, లోపలికి పోయింది, కొంత వైన్ బయటికొచ్చి నా తెల్ల చొక్కా మీద పడింది, మిగతాది టీ వడపోసే జల్లెడతో గ్లాసుల్లోకి వడపోశా. ఎయిరేషన్ అంటారు దీన్ని, వైన్‌కి గాలి తగలాలి అని మా ఆవిడకి వివరించా. ఆవిడ జల్లెడ వైపు చూస్తూ "రేపు టీకి కొత్తది తెండి" అంది.

రెడ్ వైన్ రూమ్ టెంపరేచర్‌లో ఇవ్వాలని ఇంకో సూత్రం. అది యూరప్‌లో రాళ్ల ఇళ్లు చల్లగా ఉన్నప్పటి మాట, 16 నుంచి 18 డిగ్రీలు. మే నెలలో మా డైనింగ్ రూమ్ టెంపరేచర్‌కి పెడితే అది వైన్ కాదు, కషాయం. ఫ్రిజ్‌లో పెట్టాల్సింది, నేను సూత్రానికి కట్టుబడ్డా.

తాగే ముందు వాసన చూడాలి. కాలిఫోర్నియాలో డేవిస్ యూనివర్సిటీ ప్రొఫెసర్ ఆన్ నోబుల్ 1980ల్లో వైన్ వాసనలన్నిటికీ ఒక చక్రం తయారుచేసింది, అందులో పళ్లు, పూలతో పాటు తడిసిన కుక్క కూడా ఉంది. మా ఆవిడ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, చాలాసేపు ఆలోచించి "మా తాతయ్య టేకు బీరువా" అంది. రెడ్డుని చెక్క పీపాల్లో నిలవబెడతారు కదా, నా గౌరవం పెరిగింది. నేను నేరేడు పండు, వాన పడ్డ మట్టి అని ఏవో చెప్పా. ఇలా చెప్పడానికి సిగ్గుపడాల్సిన పని లేదు, 2001లో అచ్చైన ఒక పరిశోధనలో, ఫ్రాన్స్‌లో వైన్‌కి పేరుమోసిన బోర్డోలో 54 మంది వైన్ విద్యార్థులకి వైట్ వైన్‌లో వాసన లేని ఎర్ర రంగు కలిపి ఇస్తే వాళ్లంతా దాన్ని రెడ్ వైన్ మాటలతోనే వర్ణించారట. బోర్డోలోనే అలా ఉంటే, కొవ్వొత్తి వెలుగులో కూకట్‌పల్లిలో నేనెంత.

తర్వాత మటన్ ముక్క నోట్లో పెట్టుకుని గుక్క తాగాం. ఇద్దరం కాసేపు మాట్లాడలేదు. కళ్లల్లో నీళ్లు చూసి నేను భావోద్వేగం అనుకున్నా. ఆవిడ లేచెళ్లి పెరుగు గిన్నె తెచ్చుకుంది.

వైటు మాత్రం, ఒప్పుకోవాలి, నెగ్గింది. షెనిన్ బ్లాంక్ అనే ద్రాక్షతో చేసింది, మూత తిప్పితే వచ్చేసింది, చల్లగా ఉంది, కాస్త తీపి. పుల్లటి కూరలోకి అంతే పులుపున్న వైన్ కావాలి, లేకపోతే వైన్ నీళ్లలా చప్పబడిపోతుంది, కారానికి ఆ కాస్త తీపి కావాలి, ఈ రెండూ దీన్లో ఉన్నాయి. గోంగూరలోకి బ్రహ్మాండంగా కుదిరింది. ముద్దపప్పు నెయ్యిలోకి వెన్న వాసనొచ్చే షార్డొనే అనే ఇంకో రకం వైటు అయితే ఇంకా బాగుండేదేమో, చారులోకి ఏదీ వద్దు, చారే ఒక డ్రింకు. కానీ అసలు చిక్కు ఇక్కడే ఉంది. వాళ్ల భోజనం ఒకటి తర్వాత ఒకటి వస్తుంది, ఒక్కోదానికి ఒక్కో గ్లాసు. మన పళ్లెంలో అన్నీ ఒకేసారి కొలువుతీరి ఉంటాయి, ఒక ముద్దలో పప్పు, దానికి నంజుకోవడానికి ఆవకాయ, పక్కన వంకాయ మసాలా వచ్చి తగులుతుంది. ఏ ముద్దకి ఏ వైను? పైగా కుడిచెయ్యి ఎంగిలి, ఎడంచేత్తో గ్లాసు, కాడ పట్టుకోవాలట, నూనె వేళ్లు తగలకూడదట.

"ముందు ఇదంతా తీసెయ్యండి" అంది మా ఆవిడ. చేగోడీలు, వేయించిన పల్లీలు తెచ్చి పెట్టింది, లైటేసింది, సోఫాలో కాళ్లు పైకి పెట్టుకుని కూర్చుంది. ఉప్పు, నూనె, కరకర, మధ్యలో చల్లటి షెనిన్. రెడ్డు మీద కూడా రెండు ఐస్ ముక్కలేసి నా చేతికిచ్చింది, ఏ ఫ్రెంచివాడూ చూడలేదు. పదకొండింటికి ఆకలేసి ముద్దపప్పు, ఆవకాయ, నెయ్యి కలుపుకుని, దాన్లోకి బిందెలో నీళ్లు తాగాం.

రెడ్డు సీసాలో ఇప్పుడు మనీ ప్లాంట్ ఉంది. లోపల కార్క్ తేలుతుంటుంది, చూసినవాళ్లంతా దాన్ని లోపలికెలా పెట్టారని అడుగుతారు.