వికర్ణుడిని ఏమనాలి మరి?

పిల్లల పుస్తకాల్లో విలన్ల ఇంట్లో పెరిగిన కుర్రాడు కథానాయకుడైతే చదివే పిల్లలకు మంచీ చెడూ తెలియకుండా పోతుందని మీ వ్యాసంలో రాశారు. నాకలా అనిపించలేదండీ. మా చిత్తూరు వైపు ద్రౌపదమ్మ గుళ్లలో 18 రోజులు భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. చివరి రోజు వెల్లకిలా పడుకున్న మట్టి దుర్యోధనుడి తొడ మీద భీముడి వేషగాడు గద దించేదాకా పిల్లలు అక్కడినుంచి కదలరు.

ఆ భారతంలోనే వికర్ణుడున్నాడు. నిండు సభలో ద్రౌపదికి జరిగేది అన్యాయమని నోరు విప్పిన కౌరవుడు. అయినా యుద్ధంలో అన్న పక్షానే నిలబడి భీముడి చేతిలో పోయాడు. యుయుత్సుడూ ధృతరాష్ట్రుడి కొడుకే, కానీ యుద్ధం మొదలయ్యే ముందు పాండవుల వైపు వచ్చేశాడు, బతికాడు. ఇద్దరిలో ఎవరు కరెక్టని మావాడు అడిగితే ఠక్కున చెప్పలేకపోయాను. పెద్దవాళ్లకే తేలని సంగతి!

ఇలాంటి పుస్తకాలతో నా పేచీ వేరే. కుర్రాడు ఒక్క పేజీలో మంచివాళ్ల వైపు మారిపోతాడు, అవతలివాళ్లు వెంటనే భుజం తడతారు. విభీషణుడు వస్తే సుగ్రీవుడు గూఢచారేమో అన్నాడు కదా! ఆ అనుమానం, పెంచినవాళ్ల మీద చావని ప్రేమ, ఆ టెన్షన్ అంతా రాయమనండి. పిల్లలు చదువుతారు.