పన్నెండు గేర్ల పరువు

బెజవాడలో పెద్దమనిషి అనిపించుకున్నవాడు ఎలక్ట్రిక్ మౌంటెన్ బైకు కొనేటప్పుడు, ఏ కొండ ఎక్కబోతున్నాడో తేల్చుకోనక్కర్లేదు గానీ, గేర్లు ఎన్నో తేల్చుకోక తప్పదు. ఎనిమిది గేర్ల బండి మీద బందరు రోడ్డులో కనిపించడం, పెళ్లి విందులో పెరుగు వడ్డించకుండానే చేతులు కడిగించడమంత అప్రతిష్ఠ.

ఈ మర్యాద తెలియని కంపెనీలు లేకపోలేదు. శ్రామ్ వారు 2016లో ఇటువంటి బళ్ల కోసమే ఈఎక్స్1 అనే ఎనిమిది గేర్ల అమరిక తెచ్చారు. షిమానో వారు 2021లో లింక్‌గ్లైడ్ అనే దళసరి పళ్ల అమరిక తెచ్చి, తమ పాత రకంకంటే మూడు రెట్లు మన్నుతుందని చాటుకున్నారు. మూడు రెట్ల కాలం అదే క్యాసెట్, అంటే వెనక చక్రానికుండే పళ్ల చక్రాల దొంతర, ముఖం చూస్తూ బతకమనడం ఏమి న్యాయం?

గేర్లు పెరిగేకొద్దీ చైను సన్నబడుతుందన్నది నిజమే. ఎనిమిదింటికి 7 మిల్లీమీటర్ల పైచిలుకు ఉండే వెడల్పు పన్నెండింటికి 5 పైచిలుకుకు దిగుతుంది. పెడళ్ల దగ్గరే మోటారున్న బండిలో మన కాలి బలమూ, కొన్నిటిలో 85 న్యూటన్ మీటర్లు, అంతకు పైన కూడా ఉండే మోటారు తిప్పుడు బలమూ కలిసి ఆ సన్నని చైను మీదే పడతాయి. అందమైనవి సుకుమారంగానే ఉంటాయి మరి.

పైగా 250 వాట్లు, గంటకు 25 కిలోమీటర్లు మించకపోతేనే రిజిస్ట్రేషన్ అక్కర్లేదంటున్నాయి మన నిబంధనలు. ఆ 25ను పన్నెండు వాయిదాల్లో అందుకోవడంలోనే ఉంది వైభవం. ప్రకాశం బ్యారేజీ మీద చదునుగా సాగే నాకు 11 పళ్ల చిన్న చక్రం తప్ప వేరే దానితో పని పడలేదు. బలమంతా ఆ కొద్ది పళ్ల మీదే పడి అవి అరిగిపోగా, కొండల కోసం చేసిన 50 పళ్ల పెద్ద చక్రం మాత్రం బీరువాలోని వెండి కంచంలా మెరుస్తూనే ఉంది.

చైను సాగిపోయిందా అంటే, "సాగలేదండీ, లోపల పిన్నులు అరిగినయ్యి. అడుగు పొడవుకి ఒకటిన్నర మిల్లీమీటరు తేడా రాగానే మార్చేసుంటే పళ్లు మిగిలేవి," అన్నాడు గవర్నరుపేట మెకానిక్. మిల్లీమీటర్లు కొలవడం కంసాలి పని అని నేను ఇదివరకే అతనికి చెప్పి ఉన్నాను.

చివరకు చైను, క్యాసెట్, గేరు మార్చే షిఫ్టరు, చైనును ఒక పళ్ల చక్రం నుంచి మరోదానికి జరిపే డిరైలర్ అన్నీ తీయించి, ఉక్కు పళ్ల తొమ్మిది గేర్ల అమరిక వేయించుకున్నాను. ఫ్రేము మీది 'పన్నెండు స్పీడ్' స్టిక్కరు గీరబోతున్న కుర్రాడి చెయ్యి మాత్రం సమయానికి పట్టుకోగలిగాను.