పొదుపు పాఠం ముందు మీ గదుల్లో

డిసెంబర్ 14 దగ్గర పడుతోంది. ఏటా మాదిరే కాకినాడ నుంచి భీమవరం దాకా విద్యుత్ పొదుపు వారోత్సవాల బ్యానర్లు లేస్తాయి, బడి పిల్లలతో ర్యాలీలు తీయిస్తారు. పొదుపు పాఠం ఎప్పుడూ జనానికే. చెప్పే ఆఫీసుల సంగతేమిటి?

డెల్టాలో ఏ మండలాఫీసుకైనా భోజనాల వేళ వెళ్లి చూడండి. కుర్చీలు ఖాళీ, ఫ్యాన్లు మాత్రం తిరుగుతూనే ఉంటాయి. కిటికీకి అడ్డంగా ఫైళ్ల బీరువా పెట్టి, పట్టపగలు చోకు గుయ్యిమనే పాత ట్యూబ్‌లైట్లు వెలిగిస్తారు. అధికారి గదిలో ఏసీ 18 మీద ఉంటుంది, పగిలిన కిటికీ అద్దానికి అట్టముక్క అడ్డం. స్టార్ రేటింగ్ ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గరే మొదలవ్వాలని 2020 నుంచి నిబంధన ఉంది. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అని కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ బీఈఈ చెబుతూనే ఉంది. వినేదెవరు?

భవనాలు పాతవి, నిధుల్లేవు అంటారు అధికారులు. కొంత నిజమే. కానీ స్విచ్ వేసేది ఒకరు, బిల్లు కట్టేది మరొకరు. ఆదా చేసిన రూపాయి ఆ ఆఫీసుకు రాదు, తగలేసిన రూపాయికి ఎవరి జీతమూ తెగదు. అందుకే టెండర్లో చవకని 75 వాట్ల ఫ్యానే కొంటారు. తక్కువ కరెంటుతో తిరిగే 30 వాట్ల బీఎల్‌డీసీ మోటారు ఫ్యాను ఖరీదైనదట! రోజుకు 8 గంటల చొప్పున ఏడాదికి 250 రోజులు తిరిగితే ఒక్కో ఫ్యానుకు 90 యూనిట్లు తేడా.

పోనీ, ఆ బిల్లయినా సవ్యంగా కడతారా? కరెంటు పంపిణీ చేసే డిస్కంలకు ప్రభుత్వ శాఖల బకాయిలు కొత్త ముచ్చటేం కాదు. సొంత పెట్టుబడితో పరికరాలు మార్చి, తగ్గిన బిల్లులోంచి రాబట్టుకునే సంస్థలున్నాయి. బిల్లే కట్టని ఆఫీసును నమ్మి ఎవరొస్తారు? అదే మామూలు ఇల్లయితే గడువు దాటగానే ఫ్యూజు పీకేస్తారు. అర్ధరాత్రి కరెంటు పోతే చెరువు నీటికి గాలి అందించే ఏరియేటర్ల కోసం జనరేటర్లో డీజిల్ పోసుకునే రొయ్యల రైతుకు వీళ్లా పొదుపు నేర్పేది? గురివింద తన కింది నలుపెరగదు.

ఇంధన పొదుపు చట్టం వచ్చింది 2001లో. భవనాల ఇంధన పొదుపు కోడ్‌ను 2014లోనే రాష్ట్రంలో నోటిఫై చేశారు. 2022లో జిల్లా కేంద్రాలైన అమలాపురం, భీమవరాల్లో కట్టబోయే సర్కారీ భవనాలకైనా దాన్ని అక్షరాలా వర్తింపజేయాలి. ప్రతి ఆఫీసు గోడ మీద ఆ నెల బిల్లు, పాత బకాయితో సహా, అంటించాలి. అందుకు మొహం చెల్లని అధికారులు జనానికి నీతులు చెప్పడం మానుకోవాలి.