వెలుగును మెచ్చే చోట ఎవరికి చోటు?

నవంబర్‌లో పోలండ్‌లో సాయంత్రం నాలుగింటికే చీకటి పడిపోతుంది. సరిగ్గా ఆ నెలలోనే విస్తులా నది ఒడ్డున ఉన్న తొరూన్‌కు దేశదేశాల సినిమాటోగ్రాఫర్లు చేరతారు. కోపర్నికస్ పుట్టిన ఊరది. అక్కడ జరిగే కెమెరిమేజ్ ఉత్సవంలో ప్రధాన పోటీ బహుమతి హీరోకో, నిర్మాతకో కాదు, కెమెరా పట్టిన మనిషికి. ఆ బహుమతి పేరు బంగారు కప్ప. 1993లో మారెక్ జిదోవిచ్ ఈ ఉత్సవాన్ని మొదలుపెట్టినప్పుడు తొలి కప్ప 'ద పియానో' చిత్రీకరించిన స్టువర్ట్ డ్రైబర్గ్‌కు దక్కింది. తర్వాత ఉత్సవం వూచ్‌కు, బిద్గోష్చ్‌కు మారి, 2019లో మళ్లీ పుట్టినింటికి చేరింది.

ఇలాంటి చోటు ఒకటి ఉండటం ఎంత అవసరమో తెలియాలంటే మన 'మాయాబజార్' చాలు. 'లాహిరి లాహిరి' పాటను ఈ మధ్య సౌండ్ తీసేసి చూశాను. సావిత్రి, అక్కినేని పడవలో వెళ్తుంటారు. నీళ్ల మీద తళతళలు, వాళ్ల ముఖాల మీద మెత్తటి వెలుగు. నిజం వెన్నెల్లో తీద్దామంటే 1957 నాటి ఫిల్మ్ మీద బొమ్మే పడదు. మనం అరవై ఏళ్లకు పైగా వెన్నెల అనుకుంటూ చూస్తున్నదంతా మార్కస్ బార్ట్‌లే అనే ఆంగ్లో ఇండియన్ ఛాయాగ్రాహకుడి పనితనం. ఆ పాట రాసింది పింగళి అని, పాడింది ఘంటసాల, లీల అని మన ఇళ్లలో టక్కున చెప్పేస్తారు. ఆ వెన్నెల ఎవరిదంటే మాత్రం తడుముకుంటారు. బార్ట్‌లే లాంటివాళ్లను పేరు పెట్టి పిలిచే వేదిక కాబట్టే కెమెరిమేజ్ అంటే నాకంత గౌరవం. 2024లో అక్కడ జరిగిన గొడవ బాధ పెట్టింది కూడా అందుకే.

ఆ ఏడాది ఉత్సవానికి ముందు జిదోవిచ్ ఒక సినిమాటోగ్రఫీ పత్రికలో వ్యాసం రాశారు. మహిళలకు గుర్తింపు పెరుగుతోందని ఒప్పుకుంటూనే, మార్పు కోసం గొప్ప పనితనాన్ని పక్కనపెట్టి అంతంతమాత్రం సినిమాలకు చోటివ్వాలా అని ప్రశ్నించారు. పెద్ద దుమారం రేగింది. బ్రిటిష్ సినిమాటోగ్రాఫర్ల సంఘం గట్టిగా ఖండించింది. దర్శకుడు స్టీవ్ మెక్‌క్వీన్ తన సినిమాతోనే ఉత్సవం మొదలవుతున్నా రానని చెప్పేశారు. దర్శకురాలు కోరలీ ఫార్జా తన సినిమా 'ద సబ్‌స్టెన్స్'ను ఉత్సవం నుంచి వెనక్కి తీసుకున్నారు. జిదోవిచ్ క్షమాపణ చెప్పారు.

ఆయన్ను సమర్థించినవాళ్ల వాదన తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. తెర మీద షాట్ బాగుందా లేదా అన్నదే చూడాలి, తీసింది ఎవరైతే ఏం అంటారు. జ్యూరీ గదిలో కూర్చున్నాక అది సరైన మాటే. కానీ ఆ షాట్ జ్యూరీ దాకా రావడానికి ముందు నడిచిన దారి సంగతేంటి? కవి ఇంట్లో కూర్చుని రాసుకోగలడు. కెమెరామన్‌కు అది కుదరదు. ఎవరో ఒకరు నమ్మి కోట్ల బడ్జెట్, ఖరీదైన లెన్సులు, లైట్ల బృందాన్ని చేతికివ్వాలి. దానికి ముందు ఏళ్ల తరబడి అసిస్టెంట్‌గా, షాట్‌లో ఫోకస్ సరిచూసే ఫోకస్ పుల్లర్‌గా, కెమెరా ఆపరేటర్‌గా పనిచేయాలి. ఆ మెట్లలో ప్రతి ఒక్కదాని దగ్గరా "మన కుర్రాడు ఉన్నాడు, పిలుద్దాం" అనే మాట మీదే పని దొరుకుతుంది. ఆ 'మన'లో అమ్మాయి ఎప్పుడో గానీ ఉండదు. ప్రతిభను కొలిచే తక్కెడ ఎంత నిక్కచ్చిగా ఉన్నా, అందులోకి వచ్చే సరుకును అప్పటికే ఎవరో ఏరేశారు. ఆస్కార్‌లో సినిమాటోగ్రఫీకి ఒక మహిళ, రేచెల్ మోరిసన్, తొలిసారి నామినేట్ కావడానికి 2018 దాకా ఆగాల్సి వచ్చింది. అది ఆ అవార్డుల 90వ వేడుక. అంతకు ముందు ఎనభై తొమ్మిది వేడుకల్లో అర్హత ఉన్న ఒక్క ఆడమనిషీ లేదంటే నేను నమ్మను.

మన దక్షిణాదిలో బి.ఆర్. విజయలక్ష్మి ఛాయాగ్రాహకుడు అశోక్ కుమార్ దగ్గర అసిస్టెంట్‌గా పని నేర్చుకుని, 1985లో తమిళ సినిమా 'చిన్న వీడు'తో సొంతంగా కెమెరా పట్టారు. ఆమె దర్శక నిర్మాత బి.ఆర్. పంతులు కూతురు. సినిమా కుటుంబంలో పుట్టినావిడకే అది అరుదైన అవకాశమైతే, ఏ అండా లేని అమ్మాయి మాటేంటి? తెలుగులో పెద్ద హీరో సినిమా టైటిల్స్‌లో 'ఛాయాగ్రహణం' పక్కన ఆడపేరు ఎప్పుడు చూశారో ఒకసారి గుర్తు తెచ్చుకోండి.

అదే 2024 ఉత్సవంలో, నవంబర్ 20న, 'రస్ట్' సినిమా తొలిసారి ప్రదర్శించారు. దాని ఛాయాగ్రాహకురాలు హలీనా హచిన్స్ ఉక్రెయిన్‌లో పుట్టారు. 2021 అక్టోబర్ 21న న్యూమెక్సికోలోని సెట్‌లో, రిహార్సల్ చేస్తుండగా తుపాకీ పేలి చనిపోయారు. అప్పటికి ఆమెకు 42 ఏళ్లు. మిగిలిన షూటింగ్‌ను బియాంకా క్లైన్ పూర్తి చేశారు. హలీనా తల్లి ఆ ప్రదర్శనకు రానన్నారు. ప్రదర్శించడం తప్పని కొందరు, ఆమె పని నలుగురూ చూడాలని కొందరు అన్నారు. నేను రెండో పక్షం. కానీ ఆమె కట్టిన ఫ్రేములకు నివాళి పట్టే ఉత్సవం, అలాంటి మిగతావాళ్ల ఫ్రేములు తన దాకా ఎన్ని వస్తున్నాయో లెక్క చూడాలి. ఏటా ఎన్ని ఎంట్రీలు వచ్చాయి, వాటిలో మహిళలు తీసినవెన్ని, పోటీకి ఎంపికైనవెన్ని. ఎంపిక జాబితా పక్కనే ఈ మూడు అంకెలూ వేయాలి.