ఇల్లు అమ్మాలంటే అమ్మగారిని పక్కింటికి పంపాలట

ఒడిశాలో, బరంపురంలోని మా పాత ఇల్లు అమ్మకానికి పెట్టామన్న సంగతి నా పోస్టులు చదివేవారిలో చాలామందికి తెలుసు. ఈ ఉదయం ఒక బ్రోకరుగారు, ఆయన వెంట ఇళ్ళను కొనేవారికి నచ్చేలా తీర్చిదిద్దుతానని చెప్పుకునే ఒక కుర్ర నిపుణుడు వచ్చి, వీధి గుమ్మం నుంచి పెరటి నూతి దాకా నడిచి, ఫోన్‌లో ఏవో టిక్కులు పెట్టుకుని, మేమిచ్చిన కాఫీ తాగి, మా ఇంట్లో మేము తప్ప మిగతాదంతా బాగానే ఉందని తేల్చి వెళ్ళారు. వారు తాగిన గ్లాసులు ఇంకా కడగలేదు, నా కోపమూ ఇంకా చల్లారలేదు.

ఇంటి కొలతలు అడగలేదు. నూతిలో వేసవికి నీళ్ళుంటాయా అని అడగలేదు. మొదటి మాటే గుమ్మం మీద మా తాతగారి పేరు చెక్కిన పలకను దింపేయమని. ఆ తరువాత హాల్లోని తాతయ్య, నాయనమ్మల ఫోటోలు, వాటి పక్కన శ్రీకాకుళం నుంచి ఏటా తెప్పించుకునే తెలుగు కేలండరు, వంటింటి గూట్లోని దేవుళ్ళు, చివరికి డాబా మీద మా అత్తయ్య ఆరబెట్టిన అప్పడాలు కూడా ఫోటోలలో పడకూడదన్నారు. బరంపురం పేరు చెబితే లోకానికి గుర్తొచ్చేవి పట్టు, అప్పడాలు, ఊరగాయలు. ఆ అప్పడాలే బరంపురంలో ఇల్లు అమ్మడానికి అడ్డమట. ఇదంతా ఎందుకని అడిగితే, చూడడానికి వచ్చినవారు ఆ ఇంట్లో తమ జీవితాన్ని ఊహించుకోగలగాలని, ఇతరుల గుర్తులు కనబడితే ఊహ కుదరదని ఆ కుర్రవాడు పాఠం అప్పజెప్పాడు. జీవితకాలపు పొదుపునంతా పెట్టి ఇల్లు కొనే మనిషికి, మా తాతగారి ఫోటో ఉన్న మేకుకు తన తాతగారి ఫోటో తగిలించుకుంటే ఎలా ఉంటుందో ఊహించుకునేపాటి తెలివి కూడా ఉండదని వీరి శాస్త్రం కాబోలు.

అన్నట్టు, తాతగారి ఫోటో పనికిరాదు గానీ, ఆయన వాడిన మగ్గం నాడె (నేతలో దారాన్ని అటూ ఇటూ తీసుకెళ్ళే పనిముట్టు) మాత్రం పనికొస్తుందట. దానికి వార్నిషు రాసి హాల్లో గాజు బల్ల మీద పెడితే ఇంటికి "ఎథ్నిక్ లుక్" వస్తుందట. నేసిన మనిషి అటక మీదికి, ఆయన నాడె ప్రదర్శనకు! ఇంతకు మించిన అవమానం ఉండదనే నేను ఆ క్షణాన అనుకున్నాను.

ఇల్లు అమ్మే ముందు శుభ్రం చేయడం తప్పని నేననడం లేదు. బూజు దులపడం, కారే కుళాయికి వాషరు వేయించడం, విరిగిన గడియ మార్చడం, అటక మీది పాత సామాను తూకానికి అమ్మేయడం, గదులకు వెల్ల వేయించడం వంటివి మన ఇళ్ళలో సంక్రాంతికి ఎవరూ చెప్పకుండానే జరుగుతాయి. మా వీధిలోని ఇళ్ళు ముఖం సన్నగా, లోపలికి పొడవుగా, ఇరువైపులా ఉమ్మడి గోడలతో ఉంటాయి కనుక నడిమి గదికి వెలుతురు తక్కువ, అక్కడ మంచి దీపం పెట్టమంటే ఆనందంగా పెడతాను. చీకట్లో గది చూపించడం ఎవరికీ గౌరవం కాదు. నాకు మండింది దీపం దగ్గర కాదు, పెరటి వైపు గది దగ్గర.

ఆ గది గోడకు చెమ్మ ఉంది. నేను చిన్నవాడిగా ఉన్నప్పటి నుంచీ ఉంది. పాత ఇటుక గోడకు పునాది మీద తేమను ఆపే పొర లేకపోతే నేలలోని నీరు ఇటుకల సన్నని రంధ్రాల గుండా పైకి పాకుతుంది. ఆ నీరు ఆవిరై పోయినా అందులోని లవణాలు గోడ పైపొరలో మిగిలి తెల్లగా పూస్తాయి, పెచ్చులు రాలుతాయి. పాత సున్నపు పూత ఆ తేమను ఎప్పటికప్పుడు బయటికి వదిలేది. దానిని చెక్కి సిమెంటు పూసి, పైన పుట్టీ పెట్టి, ప్లాస్టిక్ పెయింటు వేస్తే, బయటికి దారి లేని తేమ గోడలో ఇంకా పైకి ఎక్కుతుంది. ఇదంతా నేను చెప్పబోతుంటే మన నిపుణుడు విననైనా వినకుండా, "దాని మీద పీవీసీ ప్యానెల్ కొట్టేద్దాం సార్, పూటలో అయిపోతుంది" అన్నాడు. ప్యానెల్ వెనుక గోడ ఏమవుతుందని అడిగితే, అప్పటికి ఇల్లు మనది కాదు కదా అని బ్రోకరుగారు నవ్వారు. జ్వరం తగిలినవాడికి ముఖాన పౌడరు రాసి కోర్టుకు తీసుకువెళ్ళి సాక్ష్యం చెప్పించినట్లుంది వీరి వైద్యం.

ఆ నవ్విన పెద్దమనిషికి తెలియదేమో గానీ, 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 55వ సెక్షన్ ఈ విషయాన్ని ఏనాడో తేల్చింది. అమ్మేవాడికి తెలిసి, కొనేవాడికి తెలియక, మామూలు శ్రద్ధతో పరిశీలించినా బయటపడని ముఖ్యమైన లోపం ఏదైనా ఉంటే దానిని అమ్మేవాడే చెప్పాలి. చెప్పకపోవడాన్ని ఆ సెక్షనే మోసంగా పరిగణిస్తుంది. ఇందులోని తమాషా గమనించండి. చెమ్మ గోడ కళ్ళ ముందు ఉన్నంత వరకు, చూసుకుని కొనుక్కోవలసిన బాధ్యత కొనేవాడిది. దాని మీద ప్యానెల్ కొట్టిన మరుక్షణం, కంటికి కనబడే లోపాన్ని నా డబ్బుతో నేనే కనబడని లోపంగా మార్చి, చెప్పవలసిన భారాన్ని నా నెత్తిన వేసుకున్నవాడినవుతాను. ఆ పనికి ఆయనకు నేను ఫీజు కూడా ఇవ్వాలి!

డాబా సంగతీ అంతే. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాలపురం దగ్గర తీరం దాటినప్పుడు పక్కవారి కొబ్బరి చెట్టు మా పిట్టగోడ మీద పడింది. గోడ మళ్ళీ కట్టించాము కానీ స్లాబు అంచున ఒక పగులు మిగిలింది. మా గంజాం జిల్లాలో ఇల్లు చూడడానికి వచ్చే ప్రతివాడూ ఫైలిన్‌కు ఏమైనా అయిందా అని అడుగుతాడు, అడగాలి కూడా, ఎందుకంటే సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో పగులు గుండా ఉప్పు తేమ ఇనుప ఊచలను చేరితే తుప్పు ఉబ్బి కాంక్రీటునే లోపలి నుంచి చీల్చుతుంది. ఆ పగులు కనబడకుండా పచ్చ ప్లాస్టిక్ గడ్డి పరిచి రెండు కుర్చీలు వేద్దామన్నది నిపుణుడి సలహా. ప్లాస్టిక్ గడ్డి! అప్పడాలు ఆరే చోట!

ఈ విద్య వీరు పుట్టించినది కాదని నాకు తెలుసు. అమెరికాలో 1970లలో మొదలైంది, బార్బ్ ష్వార్జ్ అనే ఆమె దీనికి ఆద్యురాలని చెబుతారు. సామాను తగ్గించడం, కుటుంబం ఫోటోలు తీసేయడం, గోడలకు లేత రంగులు వేయడం, చూడడానికి జనం వచ్చే వేళకు ఓవెన్‌లో బిస్కెట్లు కాల్చి ఇల్లంతా వాసన నింపడం అక్కడి పద్ధతులు. న్యూజెర్సీలో ఉన్న మా పిన్ని కొడుకు సాయంత్రం ఫోన్ చేసి, అన్నయ్యా, ఇక్కడ ఇదంతా మామూలే అని నన్ను ఓదార్చబోయాడు. మామూలే, నాయనా. కానీ అక్కడ ఇల్లు కొనేవాడు తన తరఫున ఒక తనిఖీదారుడిని పెట్టుకుని అటక నుంచి నేలమాళిగ దాకా తట్టి చూపించుకుంటాడు. కాలిఫోర్నియాలో 1987 నుంచి అమ్మేవాడు ఇంటి లోపాలను ఒక నిర్ణీత పత్రంలో రాసి సంతకం చేసి ఇవ్వాలి. 1978కి ముందు కట్టిన ఇల్లయితే, గోడల రంగులో సీసం ఉందన్న సంగతి తనకు తెలిసినంత మేరకు చెప్పాలని దేశమంతటికీ వర్తించే చట్టం ఉంది. మనవారు ఆ తనిఖీదారుడిని అక్కడే వదిలేసి, బిస్కెట్ల వాసనను మాత్రం విమానం ఎక్కించి తెచ్చుకున్నారు. మాకైతే బిస్కెట్లు కాదు, కాఫీ గింజలు వేయించమన్నారు. ఎండు చేపలు మాత్రం ఆ వారమంతా వండవద్దన్నారు.

ఇంతవరకు ఓర్చుకున్నాను. చేపలు మానేస్తాము, నాడె తుడుస్తాము అనుకున్నాను. అప్పుడు బ్రోకరుగారు గొంతు తగ్గించి, వీధి అరుగు మీద కూర్చున్న మా అమ్మగారి వైపు చూపించి, "ఆ రోజుకు పెద్దావిడను ఎవరింటికైనా పంపించండి సార్, మందుల వాసన, ఆ వాకరు, కొనేవాళ్ళకు మనసు చెదురుతుంది" అన్నారు. ఎనభై దాటిన మనిషి. ఆ గుమ్మంలో కోడలిగా కాలు పెట్టిన మనిషి. ఈ ఇల్లు ఎండాకాలంలో ఎంత చల్లగా ఉంటుందో, వానాకాలంలో ఏ మూల కారుతుందో, వెనుక సందులోని కాలువ ఎప్పుడు పొంగుతుందో చెప్పగలిగిన ఏకైక సాక్షి ఆవిడే. కొనేవాడికి అందరికంటే ముందు పరిచయం చేయవలసిన మనిషిని, కొనేవాడి కంటబడకుండా పక్కింటికి తరలించాలట. ఆవిడకు చెవులు బాగానే పనిచేస్తాయని వారికి తోచలేదు. "నా ముక్కాలి పీట కూడా పంపించేయమంటాడా?" అని ఆవిడ నన్ను అడిగారు. నేను వారిని అప్పుడే బయటికి పంపి ఉండవలసింది. కానీ కాఫీ అప్పటికే కలిపేశారు, మన మర్యాదలు మనల్ని ముంచుతాయి.

నాకు ఈ మనుషుల మీద కోపం ఇవాళ పుట్టినది కాదు. మా చెల్లెలు భువనేశ్వరంలో ఫ్లాటు కొన్నప్పుడు బిల్డరు మమ్మల్ని "శాంపిల్ ఫ్లాటు" అనే స్వర్గానికి తీసుకువెళ్ళాడు. ఒక గోడ నిండా అద్దం, పట్టపగలు కూడా వెలిగే దీపాలు, చల్లటి ఏసీ, విశాలమైన పడకగది. ఆ పడకగది ఎందుకంత విశాలంగా ఉందో మా బావగారు తమ మంచం తెచ్చి వేసుకున్నాక తెలిసింది. శాంపిల్ ఫ్లాటులోని మంచం మామూలు మంచం కంటే పొట్టిది, బీరువా ఊసే లేదు, గదుల మధ్య తలుపులు అసలు బిగించనే లేదు. తలుపు తెరిస్తే మంచానికి తగులుతుందన్న సంగతి తలుపు లేని చోట ఎలా తెలుస్తుంది? ఇలాంటి శాంపిల్ ఫ్లాటును నమ్మి అడ్వాన్సు ఇచ్చి నష్టపోయినవారికి బిల్డరు పరిహారం చెల్లించాలని 2016 నాటి రెరా, అంటే స్థిరాస్తి నియంత్రణ చట్టం, 12వ సెక్షన్ చెబుతోంది గానీ, మా చెల్లెలు కొన్నది ఆ చట్టం రాకముందే. ఆవిడ ఇప్పటికీ ఆ గదిలోకి పక్కకు తిరిగి వెళుతుంది. ఆ పొట్టి మంచం వేయించినవాడు, మా డాబా మీద గడ్డి పరుస్తానన్నవాడు ఒకే బడిలో చదువుకున్నారు.

ఇంత ముస్తాబు చేసేవారు ఒక్క కాగితం మాట ఎత్తరెందుకు? కాగితాలు ముందు పెడితే ప్రశ్నలు ఎక్కువవుతాయి, హాలు చూసి మనసు పడ్డాక చూపిద్దాం అన్నారు బ్రోకరుగారు. గంజాం 1936 ఏప్రిల్ 1న ఒడిశాలో కలిసే వరకు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. మా తాతగారి తండ్రి పేరున ఉన్న దస్తావేజు ఆ కాలంలో తెలుగులో రాసింది. అక్కడి నుంచి నేటి పట్టా దాకా హక్కు ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో, అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ళ సంతకాలు ఎక్కడెక్కడ ఉన్నాయో, సర్కారు రికార్డులో పేరు మార్చే మ్యుటేషన్ జరిగిందో లేదో, ఆస్తి మీది అప్పులు చూపే ఈసీలో బాకీ ఏదైనా ఉందో కొనేవాడు చూడాలి. పాత దస్తావేజు చూసిన నిపుణుడికి కళ్ళు మెరిశాయి; ఫ్రేము కట్టించి గోడకు తగిలిద్దామన్నాడు! భార్య పేర రిజిస్టరు చేయించుకుంటే ఒడిశాలో స్టాంపు డ్యూటీ ఐదు శాతానికి బదులు నాలుగు శాతమే పడుతుందని కొనేవాడికి చెప్పినా, కొత్త కర్టెన్ల కంటే ఎక్కువ సంతోషిస్తాడు. అది వారి జాబితాలో లేదు.

బ్రోకరు లేకుండా అమ్ముదామని నిర్ణయించుకున్నాము. ప్రకటన నేనే రాశాను, తెలిసినవారికి చేరవేయండి.

బరంపురం పాత ఊళ్ళో, ఇరువైపులా ఉమ్మడి గోడలున్న పొడవాటి ఇల్లు అమ్మబడును. పెరటిలో నుయ్యి కలదు, వేసవిలో నీరు అడుగంటదు. పెరటి వైపు గది గోడకు చెమ్మ కలదు, డాబా అంచున ఫైలిన్ నాటి పగులు కలదు, రెండూ చూపబడును. నడిమి గదికి వెలుతురు తక్కువ. ఇంటి విషయాలు మా అమ్మగారిని అడిగి తెలుసుకొనవచ్చును, అయితే మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు ఆవిడ నిద్రపోతారు కనుక ఆ వేళలో రాకూడదు. దస్తావేజులు హాల్లో బల్ల మీద ఉంటాయి, వాటిని చదివిన తరువాతనే ధర మాట్లాడబడును.