వచ్చిందా? వచ్చింది!

స్కానింగ్ సెంటర్ల గోడల మీద ‘లింగ నిర్ధారణ నేరం’ అని బోర్డులుంటాయి. 1994 నాటి ఆ చట్టం హిందీ వ్యాకరణానికి ఎందుకు వర్తించదో నాకు ఇంతవరకు అర్థం కాలేదు. మా ఎదురు ఫ్లాట్‌లో ఉండే నేవీ ఆయనది ఉత్తరాది. కుర్చీకి, రైలుకి, చివరికి తన మీసానికి కూడా లింగం తేల్చకుండా ఆయన నోరు విప్పలేడు. మీసం స్త్రీలింగమట! పెరుగు దగ్గర మాత్రం వాళ్లలో వాళ్లకే పడదు. వ్యాకరణ పుస్తకం దాన్ని పుంలింగమంటుంది, చాలా ఇళ్లలో స్త్రీలింగం చేసేసి తింటారు. జర్మన్లు ఇంకో మెట్టు పైన. చెంచా మగ, ఫోర్కు ఆడ, కత్తి నపుంసకం. అమ్మాయి కూడా నపుంసకమే.

మన తెలుగుకి ఈ పిచ్చి లేదని మొన్న గురువారం దాకా మా విశాఖ ఎంవీపీ కాలనీ అంతా చెప్పుకుంటూ తిరిగాను.

ఆ సాయంత్రం మా ఆవిడ జగదాంబ దగ్గర ట్రాఫిక్‌లో, సిటీ బస్సులో ఇరుక్కుపోయి ఫోన్ చేసింది. హారన్ల మధ్య ఒక్క ముక్క వినపడింది: “వచ్చిందాండీ?”

నేను అప్పుడే గ్యాస్ బండని వంటింట్లోకి దొర్లిస్తున్నాను. “ఆ, వచ్చింది” అన్నాను. “హమ్మయ్య” అని పెట్టేసింది.

ఆవిడ అడిగింది ట్యూషన్ నుంచి రావాల్సిన మా అమ్మాయి సంగతి. తర్వాత ఇంట్లో అరగంట పాటు నడిచిన టెన్షన్ ఇక్కడ రాయను. పిల్ల కింద ఫ్లాట్‌లో స్నేహితురాలితో క్యారమ్స్ ఆడుతూ దొరికింది. మాకు అబ్బాయి ఉండి ఉంటే “వచ్చాడా?” అని అడిగేది, ఏ గ్యాస్ బండా ఆ ప్రశ్నకి జవాబు కాలేకపోయేది.

అప్పుడు చిన్నయసూరి బాలవ్యాకరణం తీశాను. 1858 నుంచి అంతా అందులోనే ఉంది, మనమే చూసుకోలేదు. స్త్రీలూ, పశుపక్ష్యాదులూ, జడపదార్థాలూ కాకుండా మిగిలినవాడు మహత్తు. అంటే గొప్పవాడు. ఓటీపీ చెప్పడం రాక గ్యాస్ బాయ్‌ని పది నిమిషాలు గుమ్మంలో నిలబెట్టిన నేను మహత్తు. క్లాసు ఫస్టు మా అమ్మాయి, క్రియాపదం దగ్గరికొచ్చేసరికి బండ పక్కన నిలబడాలి. అరవంలో ‘వందాళ్’ అని ఆడపిల్లకి వేరే క్రియ ఉంది. కన్నడంలోనూ ఉంది. మనవాళ్లు పొదుపరులు.

ఇంగ్లీషువాడు వస్తువుల లింగాలన్నీ ఎప్పుడో వదిలించుకున్నాడు గానీ ఓడని మాత్రం చాలాకాలం ‘ఆమె’ అనే పిలిచాడు. 1734లో పుట్టిన లాయిడ్స్ లిస్ట్ అనే ఓడల పత్రిక 2002లో గానీ ‘అది’కి దిగలేదు. సరిగ్గా ఆ ఏడే మన బీచ్‌రోడ్డులో కురుసురా సబ్‌మెరైన్ మ్యూజియంగా తెరిచారు. దాని గురించి మనకి ఏ చర్చా అక్కర్లేకపోయింది. సబ్‌మెరైన్ వచ్చింది, అమ్మాయి వచ్చింది. ఆస్ట్రేలియాలో డిర్‌బల్ అనే భాషలో ఆడవాళ్లూ, నీళ్లూ, నిప్పూ ఒకే తరగతి. వాళ్లని చూసి నవ్వుదామనుకున్నాను. కానీ మా ఇంట్లో అమ్మాయి, కుళాయి నీళ్లు పట్టే బిందె, గ్యాస్ బండ... సరే, వదిలేద్దాం.

ఇక పరిష్కారం. ‘గారు’ తగిలిస్తే మనిషవుతుంది. మా అమ్మ గుమ్మంలోకి రాగానే మా ఆవిడ “అత్తయ్యగారు వచ్చారు” అంటుంది, నేను “అమ్మ వచ్చింది” అంటాను. కోడలి నోట మనిషి, కొడుకు నోట బండ. పన్నెండేళ్ల పిల్లని “అమ్మాయిగారు వచ్చారా?” అని అడిగితే మాత్రం వెటకారమవుతుంది.

కానీ సూరిగారి లెక్కలోనే ఒక సందుంది. బహువచనంలో ఆడవాళ్లు మనుషుల్లోకి వచ్చేస్తారు. ఇద్దరు అమ్మాయిలు ‘వచ్చారు’, రెండు బండలు ‘వచ్చాయి’. కాబట్టి ట్యూషన్ నుంచి ఎప్పుడూ ఇంకొకరిని వెంటబెట్టుకునే రావాలని మా అమ్మాయికి ఆర్డరు వేశాను. శాస్త్రం మీద గౌరవంతో ఒప్పుకుంది.

నిన్న ఫోన్ వచ్చింది. “వచ్చారా?” “వచ్చారు.” ఎక్కడా గందరగోళం లేదు. కింద ఫ్లాట్ పిల్లకి మురీ మిక్చర్‌లో ఉల్లిపాయ ఎక్కువ కావాలట. మా అమ్మాయికి అసలొద్దట. రెండు పొట్లాలూ నా ఖాతాలోనే.