కోటుగారికి పథ్యం

ఒడిశాలో, ఆంధ్రా సరిహద్దున ఉన్న పర్లాకిమిడి పురజనులకు మనవి. మన ఊళ్ళో మైనం పట్టించిన ఒక వానకోటుకి ఒంట్లో బాగాలేదు. భుజాల దగ్గర మైనం పోయింది, మోచేతుల దగ్గర తెల్లచారలు పడ్డాయి, మొన్నటి జల్లుకి కుడి జేబు పక్కనుంచి తడి లోపలికి దిగిందని కూడా తెలిసింది. వైద్యం జరుగుతోంది. పరామర్శకి వెళ్ళేవాళ్ళు చేతులు కడుక్కుని వెళ్ళండి, సబ్బుతో మాత్రం కాదు, సబ్బు దానికి పడదు.

కోటు యజమాని మా వీధి కుర్రాడే. బెంగళూరులో ఉద్యోగం, వానాకాలం వస్తే ఇంటి నుంచి పని. మీ వీధిలోనూ ఒకడుంటాడు, పేరు మార్చుకుని చదువుకోండి. ఈ వైద్యాన్నంతా వీడియో తీసి పెట్టాడు, మధ్యలో ఇంటర్వెల్ ఇవ్వాల్సినంత నిడివి. సరే, చూడమని ఎవరూ నా మెడ మీద కత్తి పెట్టలేదు, ఖాళీగా ఉండి చూశాను. కానీ ఒకచోట ఆగి, చేతిలో స్పాంజి పక్కన పెట్టి, కెమెరా వైపు జాలిగా చూసి ఒక మాటన్నాడండీ: "మనవాళ్ళకి మెయింటెనెన్స్ కల్చర్ లేదు గయ్స్." అది విన్నప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు.

ముందు కోటుకి న్యాయం చేద్దాం, పాపం దాని తప్పేం లేదు. అది దళసరి నూలు క్యాన్వాసు గుడ్డ, మైనం పట్టించి ఉంటుంది. నూలుకి తడి కనిపిస్తే చాలు పీల్చేస్తుంది. పోగుల మధ్య సందుల్లో మైనం కూర్చుంటే నీటికి దారి దొరకదు, చుక్కలు చుక్కలుగా పైనుంచే జారిపోతుంది. వాడగా వాడగా మడతపడే చోట, రాపిడి తగిలే చోట మైనం పోతుంది కాబట్టి ఏడాదికోసారి మళ్ళీ పట్టించాలి. శాస్త్రం ఇంతే, దీనికి వీడియో అక్కర్లేదు. పాతకాలం ఇంగ్లండు, స్కాట్లండు ఓడల వాళ్ళు తెరచాప గుడ్డకి చేప నూనె, తర్వాత అవిసె నూనె పట్టించి ఒంటికి చుట్టుకునేవాళ్ళు. అవిసె నూనె చలికి బిరుసెక్కేది, పగిలేది, ఏళ్ళు గడిచేకొద్దీ పచ్చబడేది. 1930ల నాటికి పారఫిన్ మైనం పట్టించిన నూలు గుడ్డ వచ్చాక ఆ బాధ తీరింది. ఈ కోట్లకి పేరుమోసిన జాన్ బార్బర్ 1894లో ఇంగ్లండు ఈశాన్య తీరాన సౌత్ షీల్డ్స్ రేవులో కొట్టు పెట్టింది ఎవరికోసం? ఓడ కళాసులకి, జాలరులకి, రేవు కూలీలకి. అంటే ఇది కూలివాడి కోటు. ఉత్తర సముద్రపు చలిలో, చేపల కంపులో, పొట్టకూటి కోసం తొడుక్కున్న కోటు. మనవాడు దాన్ని తొడుక్కుని ఆఫీసు మీటింగుకి కూర్చుంటున్నాడు, ఫ్యాను ఐదులో పెట్టుకుని.

మా ఊరి వానాకాలం గురించి తెలియనివాళ్ళకి చెప్తున్నాను. వాన పడుతున్నా ఉక్క పోదు. మైనం పట్టించిన గుడ్డ బయటి నీళ్ళని లోపలికి రానివ్వదు నిజమే, లోపలి చెమటనీ పెద్దగా బయటికి పోనివ్వదు. అక్కడ చలిదేశంలో అదొక సుఖం కావచ్చు. ఇక్కడ వాన బయట కురుస్తుంది, చెమట లోపల కురుస్తుంది, మనిషి ఎలాగూ తడుస్తాడు. కాకపోతే ఈ తడికి వేలల్లో డబ్బు కట్టి తడిశాడు.

ఇక అసలు ఘట్టం. వాళ్ళ ఎదురింటి అరుగు మీద కూర్చుని కళ్ళారా చూసినవాణ్ణి. వీడియోలో సగం కోసేశాడు కాబట్టి మిగతా సగం ప్రజల ముందు పెట్టడం నా ధర్మం.

పొద్దున్నే కోటుని అరుగు మీద పరిచి, చన్నీళ్ళలో బ్రష్ ముంచి మెల్లగా తుడవడం మొదలుపెట్టాడు. వాళ్ళ నానమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"ఏట్రా, సబ్బెట్టవా?"

"సబ్బు పడదు నానమ్మా."

"పోనీ వేణ్ణీళ్ళు పెట్టనా?"

"వేణ్ణీళ్ళు తగలకూడదు. మైనం పోద్ది."

"చాకలికేస్తే?"

"అమ్మో. డ్రై క్లీనింగ్ అసలు కూడదు. ఇస్త్రీ కూడదు. మిషన్లో వేయకూడదు."

"బయటికైనా తిప్పొచ్చా?"

"రేపటి దాకా నీడపట్టున గాలి తగిలేలా ఉంచాలి. వానలోకి తీసుకెళ్ళకూడదు."

ముసలమ్మ చెంపలు నొక్కుకుంది. "మరయితే ఇది బాలింతరాలురా. ముందే చెప్పాలి కదా!" అని లోపలికెళ్ళి గుమ్మానికి పరదా దించేసింది. ఆ పూట నుంచి వీధిలో దానికి బాలింత కోటు అనే పేరు స్థిరపడిపోయింది. ఎవరు ఎదురొచ్చినా ముందు ఆ ప్రశ్నే: తల్లి క్షేమమేనా?

తర్వాత మైనం డబ్బా. విదేశీ డబ్బా, దాని ఖరీదు వాళ్ళమ్మకి ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు, మీరూ చెప్పకండి. దాన్ని వేడి నీళ్ళలో దింపి కరిగించాలి, దానికి ఇంట్లో ఇంకే గిన్నే కనపడనట్టు పాలగిన్నె తీసుకున్నాడు. కరిగాక స్పాంజితో కొద్దికొద్దిగా తీసుకుని, కుట్ల మీద రెండుసార్లు, భుజాల మీద ఇంకాస్త, జేబుల అంచుల మీద ఇంకాస్త, కాలరుకి మాత్రం వద్దు, మెడకి జిడ్డు అంటుకుంటుంది. నిజం చెప్పొద్దూ, ఈ మాత్రం పని వాడు శ్రద్ధగానే చేశాడు. చెల్లెలి హెయిర్ డ్రయ్యర్‌తో వేడిగాలి కొడుతుంటే పైన పేరుకున్న మైనం కరిగి గుడ్డలోకి ఇంకిపోయి, వెలిసిపోయిన ఆకుపచ్చ కాస్తా ముదురు రంగుకి తిరగడం చూడటానికి బావుంది. ఎడమ చెయ్యి పూర్తయింది. కుడి చెయ్యి మోచేతి దాకా వచ్చింది.

కరెంటు పోయింది.

మీరు ఊహించగలరు. సగం కోటు నిగనిగ, సగం కోటు బొల్లి. మైనం పైనే గడ్డకట్టి తెల్లగా పేరుకుపోయింది. అరుగు మీద సలహాల సంఘం సమావేశమైంది. కుంపటి రాజేసి పైన ఆడించమని ఒకాయన. పారఫిన్ అంటుకుంటే కోటుతోపాటు కొంపా అంటుకుంటుందని ఇంకొకాయన. బాలింతకి కుంపటి మంచిదేనని నానమ్మ. కుర్రాడు ఫోన్లో కరెంటాఫీసుకి కొడుతున్నాడు, ఎవరూ ఎత్తడం లేదు, ఎత్తినా ఏమని చెప్తాడు, సార్ మా కోటుకి మధ్యలో ఆగిపోయింది అనా?

చీకటి పడింది. ఎమర్జెన్సీ లైటు పెట్టుకుని చేత్తో రుద్దడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నం వాన పడి వెలిసింది కదా, లైటు కనపడగానే వీధిలో ఉన్న ఉసిళ్ళన్నీ లేచి వచ్చాయి. వచ్చినవి వచ్చినట్టే మైనానికి అతుక్కున్నాయి. రెక్కలు ఒకచోట, పురుగు ఒకచోట. భుజాల మీద, జేబుల మీద, వీపంతా రెక్కలే. పాపం కనుబొమ్మలు పీక్కునే చిమటా తెచ్చి ఒక్కొక్క రెక్కే తీస్తున్నాడు. కెమెరా అప్పుడు ఎక్కడుందో నేను అడగలేదు. నానమ్మే మళ్ళీ బయటికొచ్చి, "పారేయకురా, వేపుకుంటే బాగుంటాయి" అంది.

మర్నాడు సాయంత్రం చినుకులు పడుతుంటే బజార్లో పకోడీ బండి దగ్గర కనిపించాడు. ఒంటి మీద కోటు, మెడ దాకా బొత్తాలు. నెత్తిన గొడుగు.

"గొడుగెందుకురా బాబూ?"

"జల్లు గట్టిగా ఉందంకుల్. మైనం ఇంకా సెట్ కాలేదు."

వానలో మనిషిని కాపాడాల్సిన కోటుని వాననుంచి కాపాడుతున్న ఆ గొడుగుని కాస్త దగ్గరగా చూశాను. వాళ్ళ నాన్నది. కమ్మి ఒకటి మార్పించి ఉంది, కొత్త కమ్మి మాత్రమే మెరుస్తోంది. గుడ్డ రెండుచోట్ల చిరిగితే నల్లదారంతో కుట్టారు, ఒక కుట్టు పక్కనే ఇంకో పాత కుట్టు. పిడి ఊడిపోకుండా సైకిల్ ట్యూబు ముక్క చుట్టి బిగించారు. దాని కింద నిలబడే వీడు ఊరికి పాఠం చెప్తాడు, మనవాళ్ళకి మెయింటెనెన్స్ కల్చర్ లేదు గయ్స్.

ఎవరికి లేదురా? పాతచీరలు పొరలు పొరలుగా పేర్చి బొంత కుట్టి, ఆ బొంత చిరిగితే దాన్నే ఇంకో బొంతకి లోపొరగా వేసిన నానమ్మకి లేదా? చెప్పుకి అట్ట వేయించి, అట్ట ఊడితే మేకు కొట్టించి, మేకు గుచ్చుకుంటే అటువైపు కాలు ఎత్తి నడిచి ఉద్యోగం చేసిన మీ నాన్నకి లేదా? మా జిల్లాలో సగం జనం బతుకే మెయింటెనెన్సు, కొత్తది కొనే స్తోమత వచ్చినరోజు కదా వీళ్ళకి ఈ కల్చర్ పోయేది.

మైనం మీద నాకేం పగ లేదు. పాడైనదాన్ని పారేయకుండా మళ్ళీ నిలబెట్టుకోవడం మంచి పని, ఎవరు చేసినా మంచి పనే. ఆ పనిని నేను చూసిన చోటు మాత్రం వేరు.

2023 డిసెంబర్ 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. దాటింది అక్కడ, వాన మాత్రం మాదాకా వచ్చింది. కోతలైన వరి కొంత పొలంలో, కొంత సర్కారు ధాన్యం కొనే మండీలో. ఏ మండీ అని అడక్కండి, ఏ పేరు చెప్పినా పక్క మండీ వాళ్ళు మాదే అనుకుంటారు. అక్కడ ఒక పెద్దాయన తన ధాన్యం కుప్ప మీద కప్పడానికి బరకం బాగుచేసుకుంటున్నాడు. పాతపట్నం వైపు లారీ వాళ్ళు పక్కన పడేసింది కొనుక్కొచ్చిన క్యాన్వాసు బరకం, నా వయసుండొచ్చు దానికి. చిరుగుని దబ్బనంతో, సుతిలితో కుట్టాడు. జేబులోంచి కొవ్వొత్తి ముక్క తీసి కుట్టు పొడుగునా గట్టిగా రుద్దాడు, దబ్బనం పొడిచిన ప్రతి కన్నం మీదా ఆగి ఇంకోసారి. తర్వాత టీ బండి నుంచి పొగలుకక్కే టీ స్టీలు గ్లాసులో తెప్పించుకుని, గ్లాసు అడుగుతో ఆ కుట్టు మీద మెల్లగా ఒత్తుకుంటూ వెళ్ళాడు. మైనం కరిగి లోపలికి దిగింది. అప్పుడు టీ తాగాడు. డబ్బా లేదు, డ్రయ్యర్ లేదు, గయ్స్ లేరు.

ఆ కుట్టు నిలిచింది. రాత్రంతా కురిసినా పైనుంచి చుక్క దిగలేదు. నీళ్ళు కిందనుంచి వచ్చాయి. ఎందుకంటే ఆ మండీలో సిమెంటు గచ్చు లేదు, షెడ్డు లేదు, ధాన్యం మట్టినేల మీద పోసుకోవాలి, వాన కాలవ కట్టి నేరుగా కుప్ప కిందికే వచ్చింది. తెల్లారి తేమ మీటరు పెట్టారు. ధాన్యంలో 17 శాతం దాకా తేమ ఉండొచ్చని నిబంధన. మీటరు 20 దాటింది. ఆరబెట్టి తీసుకురమ్మన్నారు. ఎక్కడ ఆరబెట్టాలి? ఆకాశం మూసుకుపోయి ఉంది, నేల బురద, ఫలానా రోజులోగా ధాన్యం తెమ్మని ఇచ్చిన టోకెను గడువు దగ్గర పడుతోంది, గడువు దాటితే ఆ ధాన్యం ఎవడూ కొనడు, కొన్నా సరిహద్దు దాటించే దళారీ చెప్పిందే రేటు. చివరికి తీసుకుంటాం అన్నారు, క్వింటాలుకి కొన్ని కిలోలు కోసేసి. దానికో ముద్దుపేరు కూడా ఉంది, కట్నీ-ఛట్నీ. 2024లో 2300 మద్దతు ధర మీద రాష్ట్రం 800 కలిపి 3100 ఇస్తామంటే సంతోషించాం, మంచిదే, కానీ కిలోల్లో కోసేస్తే ఆ పెంచింది ఎవరి జేబులోకి పోతున్నట్టు? ఆరునెలలు కష్టపడి పండించినవాడు కొవ్వొత్తి ముక్కతో తన వంతు పని తాను చేశాడు. నాలుగు బస్తాల సిమెంటు పోసి గచ్చు చేయించాల్సినవాళ్ళు ఏం చేశారు? రేకులు కొట్టుకుపోతే మళ్ళీ వేయించాల్సినవాళ్ళు ఏ మీటింగులో ఉన్నారు? తడిసింది నీ ధాన్యం కాబట్టి నువ్వే బాధ్యుడివని ఆ ముసలాయనతో అనడానికి నోరెలా వచ్చింది? మెయింటెనెన్స్ కల్చర్ లేనిది ఎవరికో వెతకాలనుకుంటే ఆ మండీ గేటు దగ్గర నిలబడి లోపలికి కాదు, ఆఫీసు వైపు చూడాలి.

సరే, కోపం తగ్గించుకుంటాను, బీపీ మాత్ర వేసుకోవాలి.

వీడియో బాగా ఆడిందట. ఇప్పుడు కుర్రాడు వర్క్‌షాప్ పెడుతున్నాడు. మహేంద్రగిరి కింద ఎక్కడో బస, కొండ గాలి, మిల్లెట్ టిఫిను, ఎవరి కోటు వాళ్ళే తెచ్చుకోవాలి, ఫీజు వింటే మీక్కూడా మాత్ర కావాలి. నాది ఒక్కటే మనవి. కొండ దాకా ఎందుకు, డిసెంబర్లో మండీలో పెట్టించండి. బోలెడంత క్యాన్వాసు ఉంది, చిరుగులకి లోటు లేదు, నేర్పడానికి పెద్దాయన ఉన్నాడు, ఫీజు అడగడు, టీ తాగిస్తే చాలు. నేల తడిగా ఉంటుంది కాబట్టి కోట్లు కింద పరచకండి. టోకెను తీసుకోవడం మర్చిపోకండి, అది లేకపోతే గేటు దగ్గరే ఆపేస్తారు.